బొటనవేలు

పరీక్ష గువ్వకి. నిద్ర పట్టనిది మాత్రం వాళ్ళమ్మకి. ఆస్పత్రి నుంచి కబురు వచ్చిన దగ్గర్నుంచీ ఆమె పిల్లను తయారు చేస్తూనే ఉంది. రంగులు, పండ్లు, ముక్కూ చెవీ, పేరడిగితే చెప్పడం, కూర్చోమంటే కూర్చోవడం. తొమ్మిదేళ్ళ పిల్లకి ఇవి నేర్పడమేమిటని నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఒక్క 'ఎరుపు' కోసం ఆ తల్లి ఎన్ని సాయంత్రాలు నేల మీద దారపు రీళ్ళు పరుచుకుని కూర్చుందో నవ్వేవాళ్ళకి తెలియదు.

ఆ ఉదయం గువ్వకి కడుపునిండా తినిపించింది. మెడ దగ్గర గుచ్చుకోకుండా తనే కుట్టిన మెత్తటి గౌను తొడిగింది. జడలు వేసేటప్పుడు కేకలు పెట్టకుండా, ఒక్కో పాయకీ ఆగి, చెవిలో ఏదో గొణుగుతూ వేసింది. ఆస్పత్రి మెట్లెక్కేసరికి గువ్వ తోమిన గిన్నెలా తళతళలాడుతోంది.

పరీక్ష చేసే మేడమ్‌కి ఆ రోజు జలుబు. చేతిరుమాలు ఒళ్ళో పెట్టుకుని, బల్ల మీద బొమ్మల అట్టలు పరిచి, ఒక్కొక్కటే అడిగింది. విసుక్కునే మనిషి కాదు. తల్లి కూర్చున్న కుర్చీకి ఆనుకుని నిలబడిన గువ్వ, ఎప్పటిలాగే అమ్మ బొటనవేలు గుప్పిట్లో పట్టుకుంది. ఎర్రది ఏదమ్మా అంటే చెయ్యి అట్టల మీద అటూ ఇటూ తిప్పి ఎర్రదాని మీద పెట్టింది. చెప్పులు వేటికి వేసుకుంటారంటే కాళ్ళు చూపించింది. పేరడిగితే కాసేపాగి "గువ్వ" అంది. మేడమ్ ఒక్కోదానికీ టిక్కు పెడుతుంటే తల్లికి ఒళ్ళంతా తేలికైపోయింది.

"పిల్లని ఎంత బాగా పెంచారమ్మా," అంది మేడమ్. "గోళ్ళు చూస్తే చాలు, తల్లి ఎలాంటిదో తెలిసిపోతుంది."

ఇన్నేళ్ళలో ఆ మాట అన్న మొదటి మనిషి. తల్లికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్తగారు చూడాల్సింది, బస్సులో సీటు మార్చుకుని కూర్చునేవాళ్ళు చూడాల్సింది అనుకుంది. ఆ సంతోషం మేడమ్ కాగితం తిప్పి కింద సంతకం పెట్టేదాకా ఉంది.

సమస్య స్వల్పమేనని రాశానని మేడమ్ చెప్పింది. శుభవార్త చెప్పే గొంతుతోనే చెప్పింది. మరి పగటి కేంద్రంలో సీటో అని ఆమె అడిగింది. పగటి కేంద్రమంటే ఊళ్ళో ఇలాంటి పిల్లల కోసం ఉన్న ఒకే ఒక్క చోటు. పొద్దున్నే తీసుకెళ్ళి సాయంత్రం దాకా చూసుకుంటారు, ఒక్కో పిల్లకి ఒక్కో తోడు మనిషిని పెడతారు. అది తీవ్రంగా ఉన్నవాళ్ళకేనమ్మా, మీ పాపకి ఆ అవసరం లేదు, హాయిగా మామూలు బడిలో వేసుకోండి అంది మేడమ్. మామూలు బడి ముచ్చట కూడా అయిపోయిందని ఆమె చెప్పబోయింది. గువ్వ గేటు దాటి వెళ్ళి నడిరోడ్డు మీద బస్సు ముందు చతికిలబడిన రోజున, హెడ్మాస్టరు పిల్లతో పాటు సంచీ కూడా చేతికిచ్చి పంపేశాడు. అప్పటికే మేడమ్ తర్వాతి పిల్లని పిలిచేసింది.

*

ఆమె పని చేసేది డ్రైక్లీనింగ్ షాపులో. రఫూ పని. కోటుకి సిగరెట్ నిప్పు పడి చిల్లు పడినా, పట్టుచీర మేకుకి పట్టుకుని చిరిగినా ఆమె బల్ల మీదకే వస్తుంది. కోటు లోపలి కుట్టు మడతలోంచి అదే బట్ట దారం ఒక్కో పోగూ లాగి, సన్నటి సూదితో చిల్లు మీద నిలువుగా ముందు, అడ్డంగా తర్వాత, ఒకటి పైనుంచి ఒకటి కిందనుంచి అల్లుతుంది. అయ్యాక దీపానికి ఎదురుగా పట్టి చూస్తుంది. చిల్లు ఎక్కడుండేదో తనకే వెతుక్కోవాల్సి వస్తే పని బాగా కుదిరినట్టు.

గువ్వ ఆ బల్ల కింద కూర్చుంటుంది. తల్లికి రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి అక్కడ పట్టుకునేది కాలి బొటనవేలు. పైన సూది ఆడుతూ ఉంటుంది, కింద పాఠం నడుస్తూ ఉంటుంది. రీలు దొర్లి కిందపడితే ఆమె "అయ్యో, పడింది" అనుకుంటూ వంగి తీసుకుంటుంది. గువ్వ తలెత్తి కూడా చూడదు. పడ్డవాటితో ఆ పిల్లకేం పని?

ఆ మధ్యాహ్నం షాపు ఓనరు హ్యాంగర్లు సర్దుతూ, ఆమె వైపు చూడకుండానే విషయం ఎత్తాడు. చెడ్డవాడేం కాదు. రెండేళ్ళుగా పిల్లని బల్ల కింద ఉండనిచ్చాడు. కానీ పోయిన వారం గువ్వ ఆవిరి ఇస్త్రీ తీగ పట్టుకుని లాగినప్పుడు ఆయన గుండె ఆగినంత పనైంది. వచ్చే నెల కొత్త ప్రెస్సు మిషను వస్తుందట. పెట్టడానికి ఈ బల్ల ఉన్న చోటు తప్ప వేరే లేదట. నువ్వు షాపులో ఏ మూలైనా కూర్చుని చేసుకో అమ్మా, పాపకి మాత్రం ఏదో ఒకటి చూడు, వేడి మిషనుతో నాకు భయం అన్నాడు. ఆ భయం తప్పని ఆమె ఎలా అంటుంది? అదే భయం తనకీ ఉంది.

దారం ఎక్కించబోయిన సూదిని ఆమె కోటుకి గుచ్చి పెట్టింది. సీటు రాకపోతే పని పోతుంది. పని మానేసి ఇంట్లో కూర్చుంటే ఒక్క జీతంతో ఇల్లు నడవదు. పిల్లని ఇంట్లో పెట్టి తాళం వేసుకుని వెళ్ళేవాళ్ళు ఆ వీధిలోనే ఇద్దరున్నారు. ఆ కిటికీల ముందు నుంచి నడిచినప్పుడల్లా ఆమె తల దించుకుంటుంది.

*

గువ్వ నాన్న లిఫ్టు మెకానిక్. ఎక్కడ పాడైందో తెలియాలంటే ఒక్కో తీగా విడదీసి చూడాలనే మనిషి. భార్య చెప్పిందంతా అన్నం తింటూ విన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, దారపు రీళ్ళు నేల మీద పరిచి, మేడమ్ అడిగినవే నేనూ అడుగుతానన్నాడు.

తల్లి పక్కన ఉంటే గువ్వ ఎరుపు చూపించింది, పసుపు చూపించింది. నువ్వు వంటింట్లోకి వెళ్ళు అన్నాడతను భార్యతో. ఆమె వెళ్ళాక అడిగితే గువ్వ వంటింటి గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది. తిరిగి పిలిచాడు. ఎరుపు, పసుపు, నీలం, అన్నీ సరిగ్గా వచ్చాయి. అతను లేచి తువ్వాలు తెచ్చి భార్య చేతుల మీద కప్పాడు. గువ్వ తువ్వాలు కిందకి చెయ్యి దూర్చి, వెతికి, బొటనవేలు దొరకబుచ్చుకుని ఆగింది.

"నీ వేలు కదులుతోంది," అన్నాడు.

"నేనెందుకు కదుపుతానండీ?"

"నీకే తెలియడం లేదు. దాని చెయ్యి సరైన రీలు మీదకి రాగానే నొక్కుతున్నావు. పేరడిగినప్పుడు నీ పెదాలు కదులుతున్నాయి. అది నిన్ను చూసి అంటోంది."

ఆమెకి కోపం ముంచుకొచ్చింది. పొద్దస్తమానం లిఫ్టుల్లో వేళ్ళాడేవాడికి పిల్ల సంగతి ఏం తెలుసంది. ఒక్కసారి వేలు బిగబట్టి చూడు అన్నాడు, అంతే. ఆమె ఊపిరి కూడా బిగబట్టింది. గువ్వ చెయ్యి ఎరుపు మీదుగా వెళ్ళింది, పసుపు మీదుగా వెళ్ళింది, నీలం దాటి మళ్ళీ ఎరుపు మీదకి వచ్చింది. ఎక్కడా ఆగలేదు. గానుగ చుట్టూ తిరిగినట్టు తిరుగుతూనే ఉంది. మధ్యమధ్యలో అమ్మ వేలుని కొంచెం కుదిపి చూస్తోంది, ఆగిపోయిన గడియారాన్ని కుదిపినట్టు.

అప్పుడు ఆమెకి అర్థమైంది. ఎరుపూ పసుపూ ముక్కూ చెవీ ఏవీ గువ్వవి కావు. ఇన్నాళ్ళూ తనతో తనే మాట్లాడుకుంది. ఏడవడానికి కూడా సిగ్గేసింది. అతను రీళ్ళన్నీ డబ్బాలో వేసి, దగ్గరగా జరిగి కూర్చున్నాడు.

"ఇందులో నీ తప్పేం లేదు. పోయి మేడమ్‌కి ఇదే చెప్పు," అన్నాడు.

*

చెప్పడం అనుకున్నంత తేలిక కాలేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోవాల్సి వచ్చింది. పక్కన ఒకావిడ, కవల పిల్లల తల్లి. ఇద్దరిలో ఒకడు బడికి వెళ్తాడు, ఒకడు ఇక్కడికి వస్తాడు. ఏళ్ళ తరబడి తిరుగుతున్న మనిషి కాబట్టి ఆవిడకి ఆస్పత్రి అటెండరు నుంచి డాక్టరు దాకా అందరి గుణాలూ తెలుసు. గువ్వ సంగతి విని తల కొట్టుకుంది.

"కడిగి, జడలేసి, కడుపునిండా పెట్టి తీసుకొచ్చావా చెల్లీ? ఇంకేం, స్వల్పమే రాస్తారు. మా వాడు నవ్వితే స్వల్పం, కొరికితే తీవ్రం. ఇక్కడి లెక్క అంతే."

ఆ తర్వాత గొంతు తగ్గించి, ఏం చేయాలో చెప్పింది. ముందు రోజు నిద్ర పోనివ్వకూడదు. పొద్దున ఏమీ పెట్టకూడదు. మెడకి గుచ్చుకునే బట్టలు వెయ్యాలి. అలవాటైన వస్తువేదైనా ఉంటే ఇంట్లోనే వదిలేసి రావాలి. మిగతాది పిల్లలే చూసుకుంటారు అంది. అంటూనే పక్కనున్న కొడుకు చొక్కా గుండీ సరిగ్గా పెట్టి, వాడి నుదుటి మీద జుట్టు వెనక్కి తోసింది. ఇదంతా నువ్వు చేశావా అక్కా అని ఆమె అడగలేదు. ఆవిడ కళ్ళు చూస్తే అడగబుద్ధి కాలేదు.

మేడమ్ ఆమె మాట నమ్మలేదు. సీటు కోసం ఇలాగే చెప్పేవాళ్ళు రోజుకొకరు వస్తారమ్మా అంది. అయినా ఆమె తువ్వాలు సంగతి చెబుతుంటే మధ్యలో రాయడం ఆపి వింది. జలుబు తగ్గినట్టుంది, గొంతు మామూలుగానే ఉంది కానీ మనిషి ఆ రోజు ఇంకా అలసిపోయి కనిపించింది.

"గురువారం ఒకరు రావట్లేదు. ఆ టైములో రండి," అంది చివరికి. "కానీ ఇదే ఆఖరు. ఈసారి వచ్చిందే ఉంటుంది. ఇంకో మాట. అడగకుండా తనంతట తను ఒక్క మాట మాట్లాడినా తోడు మనిషిని ఇవ్వరు, సీటూ రాదు. రూలు నాది కాదు."

అందులో భయపడాల్సింది ఏముంది అనుకుంది ఆమె. తనంతట తను మాట్లాడటమే! ఆ అదృష్టమే ఉంటే ఈ మెట్లెందుకు ఎక్కుతాను?

*

గురువారం పొద్దున గువ్వకి ఏమీ పెట్టలేదు. బిరుసు కాలరున్న పాత గౌను తీసి తొడిగింది. గువ్వ కాలరు లాక్కుంటూ, మెడ గీరుకుంటూ, ఇల్లంతా తిరిగింది. ఆకలేసినప్పుడల్లా వచ్చి అమ్మ బొటనవేలు పట్టుకుని వంటింటి వైపు లాగింది. ఆమె గిన్నెలు సర్దింది. సర్దిన గిన్నెలే మళ్ళీ సర్దింది. బస్సెక్కేదాకా ఎలాగో ఓర్చుకుంది.

వరండాలో బెంచీ మీద కూర్చున్నాక గువ్వ మెడ చూసింది. కాలరు అంచున చర్మం ఎర్రగా కమిలింది. అక్కడితో ఆమె ధైర్యం అయిపోయింది. సంచీలోంచి చిన్న కత్తెర తీసి, పిల్లని ఒళ్ళో వంచుకుని, కాలరు కుట్టు ఒక్కోటే తెంపింది. గబగబా లాగితే బట్ట చిరుగుతుంది, పిల్ల బెదురుతుంది. పనిలో తెంపినంత ఓర్పుగా తెంపింది. కాలరు ఊడి చేతికొచ్చింది. తర్వాత తన కోసం తెచ్చుకున్న డబ్బా మూత తీసి, ముద్దలు కలిపి పెట్టింది. గువ్వ తృప్తిగా తింది. ఎదురుగా కూర్చున్న వాళ్ళు చూస్తే చూడనీ అనుకుంది. సీటు రాకపోతే రాకపోనీ అని మాత్రం అనుకోలేకపోయింది.

లోపల మేడమ్ ఈసారి తల్లికి గోడ పక్కన కుర్చీ చూపించింది. ఆమె వెళ్ళి కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. పెదాలు బిగించింది. కళ్ళు కూడా జవాబు చెప్పేస్తాయేమోనని కిటికీ ఊచల వైపు తిప్పుకుంది.

ఎర్రది ఏదమ్మా అని మేడమ్ అడిగింది. గువ్వ పక్కకి చెయ్యి చాచింది. అక్కడ వేలు లేదు. వెనక్కి తిరిగి, గోడ దగ్గరికి వచ్చి, తల్లి మోచెయ్యి పట్టుకుని లాగింది. రాలేదు. తొడ కిందకి వేళ్ళు దూర్చి వెతికింది. ఆ చిన్న వేళ్ళు తన వేళ్ళ మీద పాకుతుంటే ఆమె పళ్ళ బిగువున కూర్చుంది. చెయ్యి బయటికి తీయడం ఎంతసేపు? గువ్వ గొంతులోంచి సన్నగా మొదలైన మూలుగు పెద్దదైంది. మణికట్టు నోట్లో పెట్టుకుని కొరుక్కుంది, ఎప్పుడూ కొరుక్కునే చోటే.

"ఫర్వాలేదు, మీరు కదలకండమ్మా," అంది మేడమ్.

చెవి ఏది, పండు ఏది, నీ పేరేంటి. దేనికీ జవాబు లేదు. మేడమ్ కలం ఒక్కో ఇంటూ మార్కు పెడుతోంది. ప్రతి ఇంటూతో సీటు ఒకడుగు దగ్గరికి వస్తోంది. ఒక పక్క ప్రాణం విలవిల్లాడుతున్నా, ఇంకోటి తప్పితే బాగుండు, ఇంకోటి తప్పితే చాలు అని లెక్కపెట్టుకుంటున్న తనని చూసి తనకే అసహ్యం వేసింది. కన్నకూతురు ఓడిపోవాలని కోరుకునే తల్లి ఎక్కడైనా ఉంటుందా? ఉంది, ఈ గోడ పక్కన కూర్చుంది.

కాసేపటికి గువ్వ అలిసిపోయి నేల మీద కూలబడింది. అదే సమయానికి ఎవరో తలుపు తట్టారు. మేడమ్ లేచి వెళ్ళి, తలుపు సగం తెరిచి, బయట ఎవరితోనో మందుల చీటీ గురించి మాట్లాడుతోంది. బల్ల మీద వదిలేసిన కలం మెల్లగా దొర్లి, అంచు దాటి, టక్కుమని నేల మీద పడింది.

గువ్వ ఏడుపు ఆపింది. కలం వైపు చూసింది. లేచి తల్లి దగ్గరికి వచ్చింది. చేతుల కోసం వెతకలేదు. ఎవరి మొహంలోకీ సూటిగా చూడని పిల్ల, తల్లి మొహంలోకి చూసింది.

"పడింది," అంది.

ఆమె పెదాలు కదల్లేదు. వేలు కదల్లేదు. రెండూ తన అదుపులోనే ఉన్నాయి, అది ఆమెకి తెలుసు. ఈ మాట తను నేర్పలేదు కూడా. బల్ల దగ్గర తనకి తనే అనుకునే మాట. కింద కూర్చుని ఆ పిల్ల ఇన్నాళ్ళూ వింది, దాచుకుంది, ఈ రోజు తెచ్చి అమ్మకి చెప్పింది. గుండెలకి హత్తుకుని గట్టిగా అరిచి అందరికీ చెప్పాలనిపించింది.

మేడమ్ తలుపు మూసి వచ్చింది. ఏదో విన్నట్టు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"పాప ఏమైనా అందా అమ్మా?"

కొత్త ప్రెస్సు మిషను కళ్ళ ముందు మెదిలింది. వీధిలో తాళం వేసిన కిటికీలు మెదిలాయి. గువ్వ ఇంకా తన మొహం వైపే చూస్తోంది, జవాబు కోసం.

"లేదండీ," అంది ఆమె.

మేడమ్ వంగి కలం తీసుకుంది. కాగితం మీద 'తీవ్రం' అని రాసి, వచ్చే సోమవారం నుంచి పగటి కేంద్రానికి తీసుకెళ్ళొచ్చని చెప్పింది. అమ్మా, మీరు నిజమే చెప్పారు, మొన్న నేనే పొరపాటు పడ్డాను అని కూడా అంది. ఆమె దణ్ణం పెట్టి బయటికి వచ్చింది. వరండాలో కవలల తల్లి కనబడి ఏమైందని కళ్ళతోనే అడిగింది. వచ్చిందని తలూపింది, ఆగకుండా నడిచింది. దొంగిలించిన సొమ్ముతో పోతున్నట్టుగా ఉంది ఆమెకి. కూతురి మొదటి మాట, ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన మాట, వచ్చీ రాగానే తనే మింగేసింది.

*

సాయంత్రం అతను పని నుంచి వచ్చేసరికి ఆమె ఇంటికి తెచ్చుకున్న కోటు చిన్న బల్ల మీద వేసుకుని కుర్చీలో కూర్చుంది. సూది కదలడం లేదు. సీటు వచ్చిందని చెప్పింది. అతను గ్రీజు చేతులతోనే గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. హమ్మయ్య అన్నాడు. షాపులో చెప్పేశావా అన్నాడు. ఆ రోజు నీ వేలు కదులుతోందని నేను అంత ముక్కుసూటిగా అనకుండా ఉండాల్సింది అన్నాడు. సంతోషానికి నోరు ఊరుకోవడం లేదు.

"ఏమీ చెప్పలేదా అయితే? ఒక్కటి కూడా?"

"అడిగినవాటికి ఒక్కటీ చెప్పలేదు."

"మంచిదే అయింది," అన్నాడు. ఆ మాట తన చెవిని పడ్డాక దించిన తల ఎత్తలేదు.

గువ్వ బల్ల పక్కనే నేల మీద కూర్చుని, ఊడదీసిన కాలరు ముక్క వేళ్ళకి చుట్టుకుంటోంది. ఆమె కాలి బొటనవేలు అలవాటుగా పిల్ల వైపు జరిగింది. ఆమె కాలు వెనక్కి తీసుకుని కుర్చీ కిందకి ముడుచుకుంది. డబ్బాలోంచి ఎర్ర దారం రీలు తీసి బల్ల అంచున పెట్టి, వేలితో చిన్నగా తోసింది. రీలు కిందపడి దొర్లుకుంటూ పోయి గది మధ్యలో ఆగింది. వెనక దారం చారలా పరుచుకుంది.

అతను తీయబోయాడు.

"తియ్యకండి," అంది ఆమె. "ఏమిటో తర్వాత చెప్తాను. కాసేపు ఆగండి."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. కుక్కరు కూత వేసింది, ఎవరూ లేవలేదు. గువ్వ చేతిలో కాలరు ముక్క ఆగింది. రీలు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత తలెత్తి అమ్మ మొహంలోకి చూసింది.